రంపం పక్కన తిన్నని గోడ

ఉద్దానంలో పనస చెట్టు పెరట్లో దాచుకున్న సొమ్ములాంటిది. కాయలు ఏటా ఇంటి ఖర్చులకి, మాను ఎప్పటికో ఒక పెద్ద అవసరానికి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ లెక్కలన్నీ తారుమారయ్యాయి. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు నేలకి ఒరిగిపోయాయి. పడిన చెట్టు మళ్లీ లేవదు. కనీసం దాని మాను దారబంధమో, కిటికీ చట్రమో అయితే కొంత ఊరట!

మాను పలకలయ్యేవరకూ పెద్ద కోత మిల్లు పని. ఆ తర్వాత పలకని రెండంగుళాలకో, నాలుగంగుళాలకో నిలువునా చీల్చేది మాత్రం ఊళ్లో వడ్రంగి షెడ్డులోని బల్ల రంపం. యాంగిల్ ఇనుముతో చేయించుకున్న చట్రం, పైన బల్ల, కింద మోటారు, బెల్టు, బల్ల మధ్య సందులోంచి పైకి లేచిన గుండ్రటి బ్లేడు. అంతే. కంపెనీ పేరు లేదు, కాగితాలు లేవు. పాడైతే బాగుచేసేదీ వాడుకునే వాడే.

ఆ బ్లేడు వేగం ఎంతో ఒకసారి లెక్కేద్దాం. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 2,880 సార్లు తిరిగితే అంచు మీది పన్ను గంటకు 138 కిలోమీటర్ల వేగంతో పోతుంది. దాదాపు తిత్లీ నాటి గాలి వేగమే. అంటే అలాంటి తుపానొకదాన్ని బల్లకి బిగించి, దాని ముందు నిలబడి రోజూ అన్నం సంపాదించుకుంటున్నాడన్న మాట వడ్రంగి!

అతనికీ ఆ తుపానుకీ మధ్య ఉండే వస్తువు ఒకటుంది. బ్లేడుకి పక్కగా, సమాంతరంగా, బల్ల మీద నిలబడే తిన్నని గోడ. ఫెన్సు అనేవాళ్లున్నారు, గైడు అనేవాళ్లున్నారు. చెక్క అంచుని ఈ గోడకి ఆనించి ముందుకి తోస్తే కోత ఒకే వెడల్పున వస్తుంది. చాలా షెడ్లలో అది ఉత్త చెక్కబద్ద. రెండు చివర్లా రెండు సీ క్లాంపులు. కొలత మారినప్పుడల్లా క్లాంపులు విప్పడం, టేపు పెట్టి ముందు చూడటం, వెనక చూడటం, బిగించడం. బిగించేటప్పుడు బద్ద కాస్త జరుగుతుంది. మళ్లీ విప్పాలి. పని తొందరలో ‘ఏం కాదులే’ అనిపిస్తుంది. ప్రమాదం సరిగ్గా అక్కడే పొంచి ఉంటుంది.

అలాంటి షెడ్డు ఒకటి సోంపేట బజారు వెనక ఉందనుకోండి. అందులో ఒక మేనమామ, పని నేర్చుకుంటున్న మేనల్లుడు. పనస పలక సగం కోత అయ్యాక మోటారు గొంతు మారుతుంది.

‘‘మావా, పట్టేత్తంది!’’

‘‘ఏట్రా, బలంగా తోస్తన్నావా? ఒగ్గొద్దు, అలగే పట్టుకో. ముందు స్విచ్చి నానాపుతాను.’’

మావ అరిచింది ఊరికే కాదు. బ్లేడు ముందువైపు పళ్లు కిందికి దిగుతుంటాయి, చెక్కని బల్లకి అదుముతాయి. వెనకవైపు పళ్లు పైకి లేస్తుంటాయి. ఫెన్సు వెనక చివర ఒక్క మిల్లీమీటరు బ్లేడు వైపు వాలినా, కోసిన చెక్క ఆ గోడకీ వెనక పళ్లకీ మధ్య నలుగుతుంది. పైకి లేచే పళ్లు దాన్ని ఎత్తి, తోస్తున్న మనిషి మీదికే విసురుతాయి. చెక్క వచ్చి పొట్టలో తగలడం ఒక ఎత్తు. చెక్క ఎగిరిపోగానే, అంతవరకూ దాన్ని నెడుతున్న చెయ్యి పట్టు తప్పి బ్లేడు మీదికి పోవడం ఇంకో ఎత్తు. రెప్పపాటులో అయిపోతుంది. అమెరికా లాంటి దేశంలోనే, అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్కల ప్రకారం, బల్ల రంపం బ్లేడు తగిలి గాయపడేవాళ్లు ఏటా 30 వేల దాకా ఉన్నారు. చర్మం తగలగానే అయిదు మిల్లీ సెకన్లలో ఆగిపోయే రంపాన్ని స్టీవ్ గాస్ అనే ఆయన కనిపెట్టాక, 2004 నుంచి అవి అక్కడి మార్కెట్లో దొరుకుతున్నాయి. సోంపేట షెడ్డులో ఆ సంగతి చెబితే మావ నవ్వి ఊరుకుంటాడు. ఆ డబ్బుతో షెడ్డే మళ్లీ కట్టుకోవచ్చు.

మరి చేతనయిందేమిటి? గోడనైనా తిన్నగా నిలబెట్టుకోవడం.

కొనుక్కోవచ్చు కదా అంటారేమో. ఫోనులో ఆర్డరిస్తే అల్యూమినియం ఫెన్సు ఇంటికే వస్తుంది. నిజమే. అయితే అది ఫ్యాక్టరీలో తయారైన బల్ల కొలతకి చేసింది. ఊళ్లో వెల్డింగు చేయించుకున్న బల్లకి దాని రంధ్రాలు కలవవు, ఎత్తు కలవదు. తెప్పించాక సగం కోసి, సగం అతికించాలి. అంతకంటే మొదటినుంచీ చేసుకోవడమే నయం.

చేసుకోవడానికి ఒక మంచి నమూనా కూడా ఉంది. 1970ల చివర్లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో బిల్ బీస్‌మయర్ అనే ఆయన దీన్ని రూపొందించాడు. ఆయనా చెక్కపని చేసుకునే మనిషే. ఆంగ్ల అక్షరం ‘టీ’ ఆకారంలో ఉంటుంది. పొడుగు గీత బ్లేడు పక్కన నిలబడే గోడ, అడ్డగీత బల్ల ముందంచున పట్టా మీద జరిగే తల. ఒక్క మీట నొక్కితే తల పట్టాని కరుచుకుంటుంది, గోడ దానంతటదే బ్లేడుకి సమాంతరంగా నిలబడుతుంది. వెనక బిగించే పనే లేదు. పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. వడ్రంగికి కొత్తగా చెప్పాల్సిన పని కూడా లేదు, ఇది పెద్ద సైజు మూలమట్టమే!

ఇక సామాను. బల్ల ముప్పై అంగుళాల లోతుంటే గోడకి మూడడుగుల ఇనప గొట్టం కావాలి. మూడంగుళాల ఎత్తు, రెండంగుళాల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం. కిటికీ గ్రిల్లుకి వాడే పల్చటి గొట్టం పనికిరాదు, పక్కనుంచి చెక్క నొక్కితే వంగుతుంది. పట్టాకి నాలుగడుగుల రెండంగుళాల చదరపు గొట్టం. ఆ గొట్టాన్ని మోయడానికి బల్ల ముందంచుకి బోల్టులతో బిగించే మూడంగుళాల ఎల్ యాంగిల్ మరో నాలుగడుగులు, ఆరు మిల్లీమీటర్ల మందంది. అదే యాంగిల్‌లో ఇంకో పదిహేనంగుళాల ముక్క తలకి. పట్టా గొట్టానికీ బల్లకీ మధ్య అంగుళం సందు ఉంచితే, తలకి వాడిన యాంగిల్ ఒక రెక్క గొట్టం మీద కూర్చుంటుంది, రెండో రెక్కని కింది యాంగిల్‌కి తగలకుండా కత్తిరిస్తే ఆ సందులోకి దిగుతుంది. మొత్తం ఇనుము ఇరవై కిలోలు దాటుతుంది. బరువని భయపడక్కర్లేదు, ఇక్కడ బరువే బలం.

చిక్కెక్కడంటే, ఇనప దుకాణంలో గొట్టమైనా యాంగిలైనా ఇరవై అడుగుల నిడివిలో అమ్ముతారు. మూడడుగుల కోసం ఇరవై అడుగులు కొనేదెవరు? అందుకే మొదట వెళ్లాల్సింది గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగు షాపుకి. గేటుకి కోయగా మిగిలిన ముక్కలు గోడవారన పోగుపడి ఉంటాయి. తూకానికి ఇస్తారు. సోంపేటలో దొరక్కపోతే కాశీబుగ్గ, అక్కడా కాకపోతే బరంపురం. ఈ ప్రాంతానికి విశాఖ కంటే అదే దగ్గర. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమలు వందలకొద్దీ ఉన్నాయి కాబట్టి మోటార్లు, బేరింగులు, బెల్టులు, లేతు పని ఆ వైపు కొత్త కాదు.

పాత ఇనుము దుకాణంలో మాత్రం కళ్లు తెరుచుకుని చూడాలి. నవారు మంచం చట్రం యాంగిల్ చూడటానికి బాగుంటుంది, మందం చాలదు. తుపానుకి కూలిన షెడ్ల గొట్టాలు చవగ్గా కనిపిస్తే ఆశపడొద్దు. ఒకసారి వంగిన గొట్టాన్ని సుత్తితో కొట్టి నిటారు చేసినా ఆ వంపు ఎక్కడో దాక్కునే ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్ లేకపోతే ముక్కని తూకం వేసి చూడండి. చెప్పిన కొలత గొట్టం, గోడకి వాడేది, అడుగుకి కిలోన్నర పైచిలుకు తూగాలి. కిలో కూడా తూగకపోతే అది రెండు మిల్లీమీటర్ల లోపు సరుకే.

కొత్త గొట్టమైనా తిన్నగా ఉంటుందని నమ్మకం లేదు. కొన్ని విల్లులా వంగి ఉంటాయి. చూసి ఏరుకోవాలి. ఒక కన్ను మూసి చివరినుంచి చూడటం అందరూ చేసేదే. అంతకంటే నికరమైన పరీక్ష ఇంకోటుంది. బారువ తీరంలో వలలు అల్లే సన్నటి నైలాను దారం ఒక బారెడు, ఒకే రకం రూపాయి బిళ్లలు మూడు చాలు. గొట్టం రెండు చివర్లా ఒక్కో బిళ్ల పెట్టి, వాటి మీంచి దారం బిగించి లాగాలి. మూడో బిళ్లని దారం కింద పొడుగునా జరుపుకుంటూ పోవాలి. ఒకచోట దారాన్ని ఎత్తితే అక్కడ ఉబ్బు, ఒకచోట సందు కనిపిస్తే అక్కడ గుంట. నాలుగు ముఖాలూ చూసి, అన్నిటికంటే తిన్నని ముఖాన్ని బ్లేడు వైపుకి కేటాయించుకోవాలి.

మెలిక ఉందో లేదో దారం చెప్పదు. దానికి చదునైన రాయి కావాలి. ఇక్కడే శ్రీకాకుళం జిల్లా వడ్రంగికి ఒక అదృష్టం. విదేశాల్లో వర్క్‌షాపులవాళ్లు ప్రత్యేకంగా కొనుక్కునే చదునైన గ్రానైటు ఇతనికి టెక్కలిలో తుక్కు సరుకు! టెక్కలి నీలం గ్రానైటుకి మంచి పేరుంది. పాలిష్ పట్టిన పలక అంచులు కోసేటప్పుడు మిగిలే మూడడుగుల ముక్క ఒకటి తెచ్చుకుంటే చాలు. దాని మీద గొట్టాన్ని పెట్టి మూలలు నొక్కితే, మెలిక ఉన్న గొట్టం టకటకమని ఊగుతుంది. వెనక టార్చిలైటు పెడితే ఎక్కడ వెలుతురు దూరిందో కనిపిస్తుంది. మరి రాయే వంకరగా ఉంటేనో? గొట్టాన్ని ఇటు చివర అటు తిప్పి పెట్టాలి. సందు గొట్టంతో పాటు తిరిగితే తప్పు గొట్టానిది. రాయి మీద అదే చోట ఉండిపోతే తప్పు రాతిది కావచ్చు. ఇంతకంటే నిష్పక్షపాతమైన తీర్పు కోర్టులో కూడా దొరకదు.

ఇంత కష్టపడి తిన్నని గొట్టం ఏరి తెచ్చాక దాన్ని పాడుచేసేది వెల్డింగు. వేడికి కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుని గొట్టాన్ని తన వైపుకి లాగుతుంది. గొట్టాన్ని తలకి పూర్తిగా వెల్డు చేయిస్తే మూలమట్టం మట్టసం తప్పడం ఖాయం. అందుకని అక్కడ బోల్టులే మేలు. గొట్టం కింది ముఖంలో నాలుగు రంధ్రాలు, తల యాంగిల్‌లో కాస్త పెద్ద రంధ్రాలు. కొంచెం అటూఇటూ జరపడానికి వీలుంటుంది. వెల్డింగు తప్పనిసరైన చోట్ల చుక్కలు చుక్కలుగా పెట్టించి, ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య చల్లారనివ్వాలి. ‘బేగి కానీ’ అని వెల్డరు నెత్తిన కూర్చోకూడదు.

తల లోపలి రెక్కకి అడుగు దూరంలో రెండు నట్లు వెల్డు చేయించి, వాటిలో ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టులు బిగిస్తారు. వాటి కొసలు పట్టా గొట్టం వెనక ముఖానికి ఆనుతాయి. ఇనుము మీద ఇనుము కీచుమనకుండా కొసలకి ప్లాస్టిక్ బిళ్లలు తొడగాలి. వంటింట్లో పడేసిన పాత ప్లాస్టిక్ కటింగ్ బోర్డు ఇందుకు భేషుగ్గా సరిపోతుంది (ఇంటావిడ నిజంగానే పడేసిందో లేదో కనుక్కోవడం మంచిది). గోడ వంకర సరిచేసేది ఈ రెండు బోల్టులే. ఒక చుట్టు తిప్పితే బోల్టు కదిలేది ఒకటింపావు మిల్లీమీటరు. పావు చుట్టు తిప్పితే, పదంగుళాల బ్లేడు నిడివిలో గోడ దాదాపు పావు మిల్లీమీటరు పక్కకి తిరుగుతుంది. అంత సూక్ష్మం చెక్కపనికి చాలు.

ఎదురుగా మీట. ఒకటిన్నర అంగుళాల గుండ్రటి కడ్డీ ముక్కకి నడిమధ్యన కాకుండా మూడు మిల్లీమీటర్లు పక్కగా లేతు మీద రంధ్రం వేయిస్తే, అది తిరిగేటప్పుడు ఒకవైపు ఉబికి పట్టాని నొక్కుతుంది. అర చుట్టులో ఆరు మిల్లీమీటర్ల కదలిక. లేతు పని ఖర్చనుకుంటే పిడి ఉన్న మామూలు బోల్టు బిగించుకున్నా ఫెన్సు నిలుస్తుంది. కాకపోతే ప్రతిసారీ నాలుగు చుట్లు తిప్పాలి.

గొట్టం మూలలు గుండ్రంగా ఉంటాయి. పల్చటి మైకా షీటు ముక్క ఆ మూల కిందికి దూరి ఇరుక్కుంటుంది. అందుకే గొట్టానికి రెండువైపులా ప్లైవుడ్ పలకలు బిగించి, వాటి మీద మైకా అతికిస్తారు. చెక్క జారుతూ పోతుంది. అరిగితే పలక మార్చుకోవచ్చు, గొట్టం జోలికి పోనక్కర్లేదు.

సముద్రం పక్క ఊళ్లలో ఇనుముకి ఇంకో శత్రువుంది, ఉప్పుగాలి. రెడ్ ఆక్సైడు పూసి పైన రంగు వేస్తే చాలావరకు ఆగుతుంది గానీ తల జరిగే పట్టా ముఖాలకి రంగు పనికిరాదు, పేరుకుని పట్టేస్తుంది. అక్కడ మాత్రం కొవ్వొత్తి మైనం రుద్ది గుడ్డతో తుడిస్తే తుప్పూ ఆగుతుంది, జారుడూ వస్తుంది. పలాస చుట్టుపక్కల చవగ్గా దొరుకుతుంది కదా అని జీడిపిక్కల తొక్క నూనె పూయాలని కొందరికి తోచవచ్చు. అది పడవలకీ, దూలాలకీ మంచిదే. రోజంతా చేతులు తగిలే ఫెన్సుకి పూస్తే మాత్రం చర్మం బొబ్బలెక్కుతుంది. జీడి కొట్టే ఆడవాళ్ల చేతులు చూసినవాళ్లకి వేరే చెప్పాలా!

అన్నీ బిగించాక అసలు పరీక్ష. ప్లగ్గు తీసేసి, బ్లేడు మీద ఒకే ఒక పన్నుకి సుద్దతో గుర్తు పెట్టాలి. ఆ పన్నుని ముందుకి తిప్పి ఫెన్సుకి ఎంత దూరమో కొలవాలి. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్లీ కొలవాలి. వేరువేరు పళ్లతో కొలిస్తే పళ్ల వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది. రెండు కొలతలూ ఒకటైతే సరే. తేడా ఉండక తప్పదంటే అది వెనక ఎక్కువగా ఉండాలి, అదీ రెండు మూడు జెరాక్స్ కాగితాల మందాన్ని మించకూడదు. వెనక తక్కువైతే మాత్రం మళ్లీ బోల్టుల దగ్గరకే వెళ్లాలి.

గోడ తిన్నగా ఉన్నంత మాత్రాన చెక్క కూడా బుద్ధిగా ఉంటుందని లేదు. తుపానుకి విరిగి పడిన మానులో లోపల బిగువు ఉంటుంది. సగం కోశాక రెండు ముక్కలూ విచ్చుకుంటాయి, లేదా దగ్గరికొచ్చి బ్లేడుని పట్టేస్తాయి. విచ్చుకున్న ముక్క వెనక గోడకి కొట్టుకుని మళ్లీ బ్లేడు మీదికే వస్తుంది. అందుకే యూరపులో పచ్చి మాను, గట్టి చెక్క కోసేటప్పుడు ఫెన్సుని బ్లేడు మధ్యభాగం దాకానే ఉంచుతారు, ఆపైన ఖాళీ. మన ఫెన్సుకి కూడా ముందు సగం మాత్రమే ఉండే అదనపు పలక ఒకటి బిగించుకుంటే ఆ పని జరుగుతుంది. బ్లేడు వెనకాల, కోత సందులో దూరేంత మందంలో ఇనపరేకు ఒకటి నిలబెడితే ముక్కలు దగ్గరికి రాకుండా చూసుకుంటుంది. చెక్క చివరికొచ్చాక వేళ్లతో కాక కర్రతో తోయాలి. పలకని అడ్డంగా కోసేటప్పుడు మాత్రం చివరని ఫెన్సుకి ఆనించకూడదు. తెగిన ముక్క బ్లేడుకీ గోడకీ మధ్య చిక్కి తూటాలా వస్తుంది.

సోంపేట షెడ్డులో మావ మొదటి కోతకి నాలుగడుగుల పనస పలక తీశాడు. కొలత మూడంగుళాలు. మీట నొక్కాడు. ఈసారి అల్లుడు పలక వెనక సూటిగా నిలబడలేదు, ఒక పక్కకి తప్పుకుని కర్రతో తోశాడు. మోటారు గొంతు మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంది. స్విచ్చి ఆపి, బ్లేడు నిలిచేదాకా ఆగి, పసుప్పచ్చటి బద్దని తీసి టేపు పెట్టాడు. ఈ చివర మూడు, మధ్యలో మూడు, ఆ చివర మూడు.

‘‘సరిపోనాది మావా!’’

మావ బద్ద అందుకుని, ఒక కన్ను మూసి చివరినుంచి చూశాడు. ఏమీ అనలేదు. ‘‘ఆ రెండో పలక ఇలగ తే’’ అన్నాడు.